విదేశంలో సెలవుల ఇల్లు కొనాలా? మా ఊరివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము తిరుపతిలో భవానీ నగర్‌లో ఉంటాం. 2019 ఫిబ్రవరిలో మా ఆయన, షార్జాలో ఉద్యోగం చేసే మా మరిది కలిసి దుబాయ్‌లో ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొన్నారు. మరిది వాళ్లది చిన్న అద్దె ఇల్లు, మేము నలుగురం వెళ్తే ఇరుకు. సొంతంగా ఒక చోటు ఉంటే సెలవులకు పిల్లలతో వెళ్లొచ్చు, అత్తమ్మ చిన్న కొడుకు దగ్గర ఉన్నట్టూ ఉంటుంది అనుకున్నాం. అప్పటి నుంచి ఏ పెళ్లికి వెళ్లినా పంక్తిలో ఇంకా నెయ్యి వడ్డించకముందే "వదినా, అక్కడ ఇల్లు కొంటే ఎట్లా ఉంటుంది?" అని మొదలవుతుంది. అందరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను టీచర్‌ని, ఆడిటర్‌ని కాదు. పన్నుల లెక్కలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి, డబ్బు కట్టే ముందు మీ ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఒక్క మాటలో చెప్పక్కా, కొనొచ్చా వద్దా?

ముందు ఒక్కదానికి మీరు జవాబు చెప్పండి. ఆ ఇంటి తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? మీరు తిరుపతిలో ఉన్నప్పుడు అక్కడ నీళ్లు కారితే ఎవరు వెళ్లి చూస్తారు? ఆ మనిషి పేరు చప్పున నోటికొస్తే మిగతావి మాట్లాడుకుందాం. రాకపోతే కొనకండి.

ఇది నేను దుబాయ్ వెళ్లి నేర్చుకున్న సంగతి కాదు. మా అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లుంటే ఆరింటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. ఆ ఇళ్లవాళ్లు అమెరికాలో, బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉంటారు, స్వామి దర్శనానికి వచ్చినప్పుడు మనకంటూ ఒక చోటుండాలని కొనుక్కున్నారు. అంటే మన ఊరు వాళ్లకు సెలవుల ఇల్లు. వాటిలో మూడింటి తాళాలు మా ఇంట్లో దేవుడి గది పక్కన మేకుకు వేలాడుతుంటాయి. మూడో అంతస్తులో వంటింటి కుళాయి వాషర్ పోయి నీళ్లు కింది ఇంటి సీలింగ్‌లోకి దిగినప్పుడు రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ వచ్చి నన్నే లేపాడు. బాల్కనీలో పావురాలు గూడు కట్టినా, కరెంటు బిల్లు కట్టక ఫ్యూజు తీసుకెళ్లినా నాకే ఫోను. వాళ్లు మంచివాళ్లు, నేను ఎదురుగానే ఉంటాను కాబట్టి సంతోషంగానే చేస్తాను. మీరు కొనబోయే ఊళ్లో మీకు అలా ఎదురింటి మనిషి ఉన్నారా? మాకు మరిది, తోడికోడలు ఉన్నారు కాబట్టే ఆ మాత్రమైనా నెట్టుకొచ్చాం.

ఇక్కడే ఉండేవాళ్లం విదేశంలో ఇల్లు కొనడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. 1999 నాటి ఫెమా చట్టం (విదేశీ మారకం లావాదేవీలను నియంత్రించే చట్టం), దాని కింద 2022 ఆగస్టులో వచ్చిన ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనలు ఇందుకు ఆధారం. ఇక్కడ ఉండేవాళ్లు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద డబ్బు పంపి కొనొచ్చు, విదేశంలో ఉంటున్న సొంత తమ్ముడు, చెల్లెలు లాంటి బంధువుతో కలిసి కొనొచ్చు, వారసత్వంగా కూడా పొందొచ్చు. దొడ్డిదారి అవసరమే లేదు. ఇది తెలియకే కొందరు ఏజెంట్లు చెప్పిన అడ్డదారి పడుతున్నారు.

డబ్బు ఎంత పంపొచ్చు, ఎలా పంపాలి?

ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు. 2004లో ఈ పథకం మొదలైనప్పుడు ఇది 25,000 డాలర్లే. బ్యాంకుకు వెళ్లి పాన్ కార్డు చూపించి ఫారం ఏ2 (విదేశానికి డబ్బు పంపే దరఖాస్తు) నింపి పంపాలి. మీ అబ్బాయి ఫీజుకు అదే ఏడాది మీ పేరు మీద డబ్బు పంపి ఉంటే అది కూడా ఈ పరిమితిలోనే లెక్కకొస్తుంది. చాలామంది ఇది మర్చిపోతారు.

భార్యాభర్తలిద్దరూ ఎవరి పరిమితిలో వాళ్లు పంపి కలుపుకోవచ్చు, మైనర్ పిల్లల పేరున కూడా గార్డియన్ సంతకంతో పంపొచ్చు. కానీ ఎవరి పేరున డబ్బు వెళ్తుందో వాళ్లు ఆ ఆస్తిలో భాగస్తులుగా ఉండాలి. "మా అత్తగారి లిమిట్ కూడా వాడుకుంటాం, ఇల్లు మాత్రం నా ఒక్కడి పేరున" అంటే కుదరదు.

అసలు నొప్పి టీసీఎస్ దగ్గర, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితే, దాటిన మొత్తంపై 20 శాతం బ్యాంకు పట్టుకుంటుంది. ఒక్కరే 70 లక్షలు పంపితే 60 లక్షల మీద 12 లక్షలు అదనంగా కట్టాలి. ఇద్దరూ చెరి 35 లక్షలు పంపితే మొత్తం 10 లక్షలవుతుంది. ఇది పోయే డబ్బు కాదు, మీరు కట్టాల్సిన ఆదాయపు పన్నులో సర్దుతారు, మిగిలింది రిఫండ్ వస్తుంది. కానీ అన్ని నెలలూ ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. ఒక్కరే పంపేటట్టయితే ఇల్లు 70 లక్షలకు 82 లక్షలు సిద్ధంగా పెట్టుకోవాలన్నమాట. మేము పంపినప్పుడు ఇది లేదు, 2020 అక్టోబరులో వచ్చింది.

హోమ్ లోన్ వస్తుందా? లేదంటే తిరుచానూరు రోడ్డులో స్థలం ఉంది, అమ్మేయమంటారా?

ఇక్కడి బ్యాంకు లోన్ ఇవ్వదు. ఎల్ఆర్ఎస్ కింద ఆస్తుల కోసం పంపే డబ్బుకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. చేతిలో ఉన్న సొంత డబ్బుతోనే కొనాలి. నన్నడిగితే అదే మంచిది కూడా.

స్థలం సంగతి. ఇక్కడి స్థలమో ఇల్లో అమ్మి వచ్చిన లాభంతో మన దేశంలో ఇల్లు కొంటే పన్ను మినహాయింపు ఉంది, విదేశంలో కొంటే లేదు. 2014లోనే చట్టంలో "భారతదేశంలో" అని స్పష్టంగా మార్చారు. మీ నాన్నగారు ఎప్పుడో ముప్పై ఏళ్ల కింద వేలల్లో కొన్న స్థలాన్ని ఇప్పుడు అమ్మితే లాభం దాదాపు ధర మొత్తమే. ఆ పన్ను కట్టి, టీసీఎస్ కట్టి, మిగిలిన దాంతో అక్కడ కొనాలి. కాగితం మీద ఒకసారి లెక్క వేసి చూడండి. వేశాక మా బంధువుల్లో ఇద్దరు మానుకున్నారు.

తిరుపతిలో హోటల్‌లో దుబాయ్ ప్రాపర్టీ ఎగ్జిబిషన్ పెట్టారు, వెళ్లమంటారా?

వెళ్లండి, చూడండి, కాఫీ తాగి రండి. కార్డు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లండి.

మా స్కూల్లో పనిచేసే ఒకావిడ అన్నగారు అలాంటి చోటే సాయంత్రం ఆరున్నరకు వెళ్లి తొమ్మిదింటికల్లా క్రెడిట్ కార్డుతో టోకెన్ అడ్వాన్సు కట్టేసి వచ్చారు. "ఈ రాత్రికే ఈ రేటు సార్" అన్నారట. ఇంకా పునాది కూడా లేవని బిల్డింగు. విదేశంలో స్థిరాస్తి కొనడం క్యాపిటల్ అకౌంట్ లావాదేవీ (ఆస్తులు, పెట్టుబడుల లావాదేవీ) కిందికి వస్తుంది, దానికి క్రెడిట్ కార్డు గీకకూడదు, ఎల్ఆర్ఎస్ కింద బ్యాంకు నుంచే వెళ్లాలి. ఆ మాట అమ్మేవాళ్లు చెప్పలేదు. అది ఆయన ఆడిటర్ చెప్పేసరికి రెండు వాయిదాలు కూడా కట్టి ఉన్నారు. దాన్ని సరిచేసుకోవడానికి ఆ కుటుంబం పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. ఆ వదిన నిద్రమాత్రలు వేసుకునే దాకా వెళ్లింది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకొందరు "ఇక్కడ క్యాష్ ఇవ్వండి, అక్కడ దిర్హాములు ఇచ్చేస్తాం" అంటారు. అది హవాలా. ఫెమా కింద మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా ఉంది, పైగా ఆ విదేశీ ఆస్తికి సమానమైన విలువ గల ఆస్తిని ఇక్కడే జప్తు చేసే అధికారం కూడా ఉంది. అంటే దుబాయ్ ఫ్లాట్ కోసం తిరుపతి ఇల్లు పోవచ్చు.

కట్టని బిల్డింగు కొనాలనే ఉంటే, కనీసం మీ డబ్బు ఎస్క్రో ఖాతాలోకి (ఆ ప్రాజెక్టు కోసం విడిగా ఉంచే ఖాతా) వెళ్తోందా అని చూడండి. దుబాయ్‌లో 2007 నాటి చట్టం ప్రకారం బిల్డర్ ఆ డబ్బును ఆ ప్రాజెక్టు పనికే వాడాలి. ప్రాజెక్టు రిజిస్టర్ అయిందో లేదో దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ దగ్గర సరిచూసుకోవచ్చు. వాయిదాల పద్ధతి మన ఫెమా లెక్కలో అప్పు కిందికి వస్తుందా అన్నది కూడా సంతకానికి ముందే ఆడిటర్‌ను అడగండి. మేమైతే కట్టి ఉన్న ఇల్లే కొన్నాం, కుళాయిలు తిప్పి చూసి మరీ.

ఏ దేశంలో కొనొచ్చు మేడమ్?

మీ ఇష్టం ఒక్కటే చాలదు, ఆ దేశం కూడా ఒప్పుకోవాలి.

దుబాయ్‌లో 2002 నుంచి విదేశీయులు ఫ్రీహోల్డ్ (పూర్తి యాజమాన్య హక్కుతో) కొనే వీలొచ్చింది, 2006లో దానికి చట్టం వచ్చింది. ఊరంతా కాదు, గుర్తించిన ప్రాంతాల్లోనే. రిజిస్ట్రేషన్‌కు ధరలో 4 శాతం. థాయ్‌లాండ్‌లో విదేశీయుడు నేల కొనలేడు, కాండో (అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్) కొనొచ్చు, అది కూడా ఆ బిల్డింగులో 49 శాతం విస్తీర్ణం దాటకుండా. కొన్న డబ్బు బయటి దేశం నుంచి విదేశీ కరెన్సీలో వచ్చినట్టు అక్కడి బ్యాంకు కాగితం ఉండాలి. బాలిలో విల్లా అని చాలా ప్రకటనలు వస్తుంటాయి. ఇండోనేషియాలో పూర్తి యాజమాన్య హక్కు అక్కడి పౌరులకే, కాబట్టి "మా మనిషి పేరున పెడతాం, మీరే ఓనరు" అంటే అది బినామీ. రేపు ఆ మనిషి మాట మారిస్తే మీకు దిక్కుండదు.

సింగపూర్ మన వాళ్లకు ఇష్టమైన ఊరు, కానీ 2023 ఏప్రిల్ నుంచి విదేశీయుడు ఇల్లు కొంటే ధర మీద 60 శాతం అదనపు స్టాంపు డ్యూటీ కట్టాలి. అక్కడికి ఆ చర్చ ఆపేయొచ్చు. కెనడా 2023 జనవరి 1 నుంచి విదేశీయుల కొనుగోళ్లు ఆపింది, దాన్ని 2027 జనవరి 1 వరకు పొడిగించింది. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ నుంచి విదేశీయులు పాత ఇళ్లు కొనకుండా నిషేధం పెట్టింది. న్యూజిలాండ్ 2018లోనే కట్టడి చేసింది. ఇంగ్లండులో కొనొచ్చు, కానీ రెండో ఇల్లయితే 5 శాతం, అక్కడ నివసించనివాళ్లకు ఇంకో 2 శాతం స్టాంపు డ్యూటీ పైన పడుతుంది.

ఈ దేశాలు ఎందుకిలా చేస్తున్నాయంటే, బయటివాళ్లు కొని తాళాలేసుకుపోతుంటే అక్కడి పిల్లలకు ఇల్లు దొరకడం లేదని. ఆ మాట నాకు అన్యాయంగా అనిపించదు. కొండ కింద అద్దెలు ఎలా పెరిగాయో మనం చూస్తూనే ఉన్నాం.

పిల్లలు డల్లాస్‌లో ఉన్నారు. మేము ఏటా వెళ్తాం. అక్కడ మా పేరున చిన్న ఇల్లు కొంటే?

ఇది నన్ను ఎక్కువగా అడిగేది రిటైరైన దంపతులు. అమెరికాలో కొనడానికి మన వాళ్లకు అడ్డేమీ లేదు. కానీ మూడు సంగతులు తెలుసుకోండి. ఒకటి, ప్రాపర్టీ ట్యాక్స్. మన మున్సిపాలిటీ ఇంటిపన్నులా అనుకోవద్దు, టెక్సాస్‌లో అది ఏటా ఇంటి విలువలో 2 శాతం చుట్టూ ఉంటుంది. రెండు, అమ్మేటప్పుడు విదేశీయుడని చెప్పి అమ్మకం ధరలో సాధారణంగా 15 శాతం ముందే పట్టుకుని తర్వాత లెక్క చూస్తారు. మూడోది ఎవరూ చెప్పరు, చాలా ముఖ్యమైనది. అక్కడి పౌరుడు చనిపోతే కోటి డాలర్ల పైన ఆస్తికి గానీ ఎస్టేట్ ట్యాక్స్ (చనిపోయినవారి ఆస్తి మీద పన్ను) పడదు. అక్కడ నివాసం లేని విదేశీయుడి పేరున ఇల్లుంటే మినహాయింపు 60,000 డాలర్లే, ఆ పైన 40 శాతం దాకా పన్ను. మీ తదనంతరం పిల్లలకు ఇవ్వాలని కొన్న ఇంట్లో పెద్ద ముక్క ప్రభుత్వానికి పోతుంది. పిల్లలు అక్కడే స్థిరపడితే వాళ్ల ఇంట్లోనే ఒక గది మీది. అది చాలు.

ఇల్లు కొంటే వీసా వస్తుందట కదా?

చాలా చోట్ల రాదు. యూరప్‌లో ఇల్లున్నా షెంగెన్ వీసా (అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) మీద ప్రతి 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. ఇల్లు చూపించి నివాసం ఇచ్చే దేశాలు కూడా ఒక్కొక్కటే తలుపు మూస్తున్నాయి. పోర్చుగల్ 2023లో ఇళ్ల దారి తీసేసింది, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో పథకమే ఎత్తేసింది, గ్రీస్ 2024లో ఏథెన్స్ లాంటి చోట్ల కనీస మొత్తాన్ని 8 లక్షల యూరోలకు పెంచింది.

దుబాయ్, షార్జా ఉన్న దేశం యూఏఈలో 20 లక్షల దిర్హాముల విలువైన ఆస్తి ఉంటే పదేళ్లు అక్కడ నివసించనిచ్చే గోల్డెన్ వీసాకు అర్హత వస్తుంది. మా ఫ్లాట్‌కు రాదు. 2025 జూలైలో "23 లక్షల రూపాయలు కడితే జీవితాంతం గోల్డెన్ వీసా" అని వాట్సాప్‌లో తెగ తిరిగింది, మా ఫ్యామిలీ గ్రూపులోనే నాలుగుసార్లు వచ్చింది. అక్కడి అధికారులు అది నిజం కాదని తేల్చి చెప్పారు.

మరి లాభమే లేదా?

ఉంది, చాలా ఉంది. లేకపోతే కొనేవాళ్లమే కాదు.

అత్తమ్మకు షుగర్, బయటి తిండి పడదు. హోటల్‌లో దిగితే రెండో రోజుకే "ఊరికి పోదాం" అంటుంది. ఆ ఫ్లాట్‌లో మొదటి పొద్దున మేము రేణిగుంట నుంచి మోసుకెళ్లిన రాగిపిండితో ఆవిడే సంగటి కెలికింది. కొత్త గిన్నె, గరిటె చిన్నది, చెయ్యి కాలుతున్నా ఎవర్నీ ముట్టనివ్వలేదు. చెనక్కాయల చట్నీ నూరడానికి రోలు లేక మిక్సీలో వేస్తే "బరకగా ఉండాల, మెత్తగ చేసినావు" అని నన్ను కసిరింది. ఇద్దరు కొడుకులూ కింద కూర్చుని తిన్నారు. పదకొండేళ్ల తర్వాత వాళ్లిద్దరికీ ఒకే పొయ్యి మీద వండి పెట్టానని ఆ రాత్రి నాతో అన్నది. ఏ హోటల్ గదిలో అది జరుగుతుంది?

తెలిసిన వీధి, తెలిసిన కూరగాయల కొట్టు, పిల్లల బట్టలు సగం అక్కడే ఉండటం, పెట్టెలు కట్టే పని తగ్గటం, ఇవన్నీ నిజమైన సుఖాలే. ఏటా కనీసం నెల రోజులు ఒకే ఊరికి వెళ్లేవాళ్లకు, అక్కడ అయినవాళ్లు ఉన్నవాళ్లకు ఇది బాగుంటుంది. ఏటా ఒక కొత్త దేశం చూడాలనే మనసున్నవాళ్లకు మాత్రం అదే ఇల్లు కాళ్లకు కట్టేసినట్టవుతుంది, "అంత పోసి కొన్నాం కదా, అక్కడికే పోదాం" అని.

కొన్నాక ఖర్చు ఏమాత్రం ఉంటుంది?

మా లెక్కే చెప్తాను. ధర 7,20,000 దిర్హాములు. రిజిస్ట్రేషన్ 4 శాతం, ఏజెంటుకు 2 శాతం అదనం. మా సగం వాటా అప్పటి రేటులో 68 లక్షల పైచిలుకు, ఆ అదనపు ఖర్చులు వేరే.

తర్వాత సర్వీస్ ఛార్జీ. మన అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌లాంటిదే కానీ చదరపు అడుగు లెక్కన ఏడాదికి ముందే కట్టాలి. మా బిల్డింగులో ఏసీకి చల్లనీళ్లు బయటి ప్లాంటు నుంచి వస్తాయి, ఇంట్లో ఎవరూ లేకపోయినా దానికి స్థిరమైన ఛార్జీ ఉంటుంది. కరెంటు, బీమా, చిన్న రిపేర్లు అన్నీ కలిపి మా సగానికి ఏటా సుమారు 8,000 దిర్హాములు పడేది.

మొదటి ఎండాకాలం బిల్లు తగ్గుతుందని ఏసీ పూర్తిగా కట్టేసి తాళం వేశాం. అక్టోబరులో తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన. పరుపు కింద నల్లటి మచ్చలు. అల్మరాలో వదిలి వెళ్లిన నా ధర్మవరం చీర మడతల వెంబడి ఆకుపచ్చ, తెలుపు చుక్కలు, వేలితో రుద్దితే జరీతో సహా లేచి వచ్చింది. అక్కడి ఎండాకాలంలో ఉక్క అంత ఉంటుంది, గాలి ఆడకపోతే బూజు పట్టేస్తుంది. వారం సెలవులో రెండు రోజులు కడగడానికే పోయాయి. ఆ తర్వాత మా తోడికోడలు పదిహేను రోజులకోసారి షార్జా నుంచి వచ్చి తలుపులు తెరిచి కాసేపు ఏసీ వేసి వెళ్లేది. తనకూ ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఆ పనికి మేము ఎప్పటికీ వెల కట్టలేం.

ఇక అసలు లెక్క. నేను కేలెండర్‌లో గుర్తు పెడుతూ వచ్చాను. 2019లో రెండు ట్రిప్పులు కలిపి 19 రాత్రులు. 2020 మార్చిలో విమానాలు ఆగిపోయాయి, ఆ ఏడాదీ, 2021లోనూ సున్నా. ఛార్జీలు మాత్రం ఆగలేదు. 2022లో 18. మొత్తం 37 రాత్రులు. నాలుగేళ్ల నిర్వహణకు 32,000 దిర్హాములు, సగటున 20 రూపాయల చొప్పున 6,40,000 రూపాయలు. భాగించి చూడండి, రాత్రికి 17 వేల పైన. విమానం టికెట్లు, చెన్నై దాకా కారు కలపకుండా. ఆ 68 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే 6 శాతం చొప్పున ఏటా 4 లక్షలు వచ్చేది, అది కూడా కలపలేదు.

మీరు కూడా కొనకముందే రాత్రులు లెక్కపెట్టండి. పోయిన మూడేళ్లలో మీ ఇంట్లో అందరికీ ఒకేసారి సెలవు దొరికి నిజంగా ఊరు దాటినవి ఎన్ని? పిల్లలు ఇంటర్‌కు వచ్చారంటే ఆ రెండేళ్లు ఇంకెక్కడికీ కదలరు.

మనం లేనప్పుడు అద్దెకు ఇస్తే ఖర్చు వెళ్లిపోదా?

వెళ్తుంది, కానీ అప్పుడది మీ సెలవుల ఇల్లు కాదు. రోజువారీ అద్దెకైతే దుబాయ్‌లో పర్యాటక శాఖ అనుమతి కావాలి, శుభ్రం చేసేవాళ్లు, తాళాలిచ్చేవాళ్లు, వాళ్ల కమిషను ఉంటాయి. పైగా మనకు సెలవు దొరికే డిసెంబరు, సంక్రాంతి రోజులే అక్కడ అద్దె ఎక్కువ పలికే రోజులు. 2023 నుంచి మేము ఏడాది ఒప్పందం మీద ఒక కుటుంబానికి ఇచ్చాం. ఏటా 55,000 దిర్హాములు, అందులో సగం మాది. ప్రశాంతంగా ఉంది. వెళ్తే మరిది ఇంట్లోనే సర్దుకుంటున్నాం, ఇరుకైనా.

రూపాయి పడిపోతుంది కదా, అందుకైనా మంచిదే కదా?

ఇందులో నిజముంది. దిర్హామ్‌ను డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు, అందుకే డాలరుతో పాటే లేస్తుంది. 2010లో దిర్హామ్ 12, 13 రూపాయలుండేది, మేము కొన్నప్పుడు 19, 2025లో 23 దాటింది. మా ఫ్లాట్ ధర పెరగకపోయినా రూపాయల్లో పెరిగినట్టే. కానీ సర్వీస్ ఛార్జీ, రిపేర్లు, టికెట్లు కూడా అదే లెక్కన పెరుగుతాయి. ఇక ఇళ్ల ధరలు ఎప్పుడూ పైకే పోతాయని అనుకోకండి. 2008-09లో దుబాయ్‌లో చాలా చోట్ల ధరలు సగం దాకా కూలాయి, 2014 తర్వాత ఆరేళ్లు మెల్లగా దిగుతూనే ఉన్నాయి. మేము కొన్నదే ఆ దిగే రోజుల్లో.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూపించాలా? అక్కడ పన్నే లేదు కదా?

చూపించి తీరాలి. అక్కడ పన్ను లేకపోయినా, ఇక్కడ నివసించేవాళ్లకు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ పన్ను పడుతుంది. మా అద్దె వాటాలో 30 శాతం మినహాయింపు పోను మిగిలింది మా ఆయన ఆదాయంలో కలుస్తుంది. రిటర్ను ఐటీఆర్-1లో వేయకూడదు, ఐటీఆర్-2 లేదా 3 వేయాలి, అందులో విదేశీ ఆస్తులు చూపించే షెడ్యూల్ ఎఫ్ఏలో ఇంటి వివరాలు రాయాలి. అద్దె రాకపోయినా, తాళం వేసి ఉన్నా రాయాలి.

రాయకపోతే 2015 నాటి బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. 2024 అక్టోబరు నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు కొంత సడలింపు ఇచ్చారు కానీ స్థిరాస్తికి అది వర్తించదు. తెల్ల డబ్బుతో నిజాయితీగా కొని, ఒక్క గడి నింపడం మర్చిపోయి ఇరుక్కోవడం ఎంత బాధ చెప్పండి. కొన్న ఏడాదే ఆడిటర్‌కు టైటిల్ డీడ్ (ఇంటి యాజమాన్య పత్రం) కాపీ ఇచ్చేయండి.

అన్నదమ్ములు కలిసి కొంటే గొడవలు రావా?

మా ఇంట్లో గొడవ కాలేదు, కానీ ముఖాలు ముడుచుకున్న రోజులున్నాయి. పరుపు మార్చడానికి ఎవరు ఇవ్వాలి, వాళ్ల ఫ్రెండ్సు వారం ఉంటే ఆ కరెంటు ఎవరిది, సంక్రాంతికి ఎవరి వంతు. చివరికి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఖర్చులన్నీ రాసి ఉగాదికి ఒకసారి తేల్చుకోవాలని పెట్టుకున్నాం. ఎవరైనా అమ్మాలనుకుంటే ముందు రెండోవారికే చెప్పాలి, ధర ఎలా కట్టాలి అన్నది కూడా రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. కొన్న రోజే రాసుకుని ఉంటే ఇంకా బాగుండేది.

ఇంటాయనకు ఏమైనా అయితే ఆ ఇల్లు ఎవరికి వస్తుంది?

ఈ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు, కానీ అడగాల్సిందే. ఆ ఇల్లు ఏ దేశంలో ఉంటే అక్కడి వారసత్వ పద్ధతులు, అక్కడి కోర్టు చుట్టూ తిరగాలి. మన ఎమ్మార్వో ఇచ్చే ఫ్యామిలీ సర్టిఫికెట్ ఒక్కటి పట్టుకెళ్తే పని కాదు. దుబాయ్‌లో ముస్లిమేతరులు తమ ఆస్తికి విల్లు రిజిస్టర్ చేసుకునే ఏర్పాటు ఉంది. దానికి ఖర్చవుతుంది, అయినా చేయించండి. మా ఆయన చేయించారు. ఆ రోజు నాకు బాధగానే అనిపించింది, ఇప్పుడు తలచుకుంటే ధైర్యంగా ఉంటుంది.

అమ్మేయాలంటే?

యూఏఈలో లాభం మీద వ్యక్తులకు పన్ను లేదు, ఇక్కడ ఉంది. 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం. వచ్చిన డబ్బును ఊరికే అక్కడ ఉంచేయకూడదు, మళ్లీ పెట్టుబడి పెట్టకపోతే 180 రోజుల్లో ఇక్కడికి తెచ్చుకోవాలి. ఆ డబ్బుతో ఇక్కడ ఇల్లు కొంటే లాభం మీద మినహాయింపుకు దారి ఉంది.

అంత డబ్బు లేదు, కానీ సెలవులకు ఒక చోటంటూ ఉండాలని ఉంది. ఏం చేయమంటారు?

ఒకే ఊళ్లో ఒకే ఇంటిని మూడేళ్లు వరసగా నెల రోజులు అద్దెకు తీసుకోండి. వంటిల్లు ఉన్నది చూసుకోండి. మూడో ఏడు కూడా అదే ఊరికి పోవాలనిపిస్తే అప్పుడు కొనే మాట ఎత్తండి. అసలు విదేశమే ఎందుకు, మదనపల్లె దాటితే హార్స్‌లీ హిల్స్ ఉంది, 1,265 మీటర్ల ఎత్తు, మే నెలలో కూడా సాయంత్రానికి చల్లబడుతుంది. తాళం పోతే మధ్యాహ్నం బయల్దేరి చీకటి పడేలోపు చేరుకోవచ్చు.

ఏయే కాగితాలు దగ్గర పెట్టుకోవాలి?

మా బీరువాలో ఆ ఇంటికి వేరే ఫైలు ఉంది. టైటిల్ డీడ్ కాపీ, కొనుగోలు ఒప్పందం, బ్యాంకు డబ్బు పంపినప్పటి ఫారం ఏ2 కాపీ, స్విఫ్ట్ రసీదులు (డబ్బు విదేశానికి పంపినట్టు బ్యాంకు ఇచ్చేవి), ఇప్పుడు కొనేవాళ్లకైతే టీసీఎస్ సర్టిఫికెట్, ప్రతి ఏటి సర్వీస్ ఛార్జీ రసీదు, అద్దె ఒప్పందం, విల్లు, ఐటీ రిటర్నులు. అక్కడి బ్యాంకు ఖాతా ఉంటే దాని వివరాలు కూడా, అది కూడా షెడ్యూల్ ఎఫ్ఏలో రాయాలి. అన్నీ రెండు సెట్లు, ఒకటి ఇక్కడ, ఒకటి మరిది దగ్గర. ఫైలు ఎక్కడుందో మా పెద్దమ్మాయికి చూపించి పెట్టాను. లోపలి అట్ట మీద మరిది ఫోన్ నంబరు, బిల్డింగు సెక్యూరిటీ నంబరు పెద్ద అక్షరాలతో రాశాను. రెండో తాళం చెవి ఆ ఫైల్లోనే కవర్లో ఉంది.